రిగ్గైలో నార్వే

మా ఫ్లాట్‌కి కొత్త ఏసీ ఒక్కటే వస్తుందని హారిస్ వచ్చి చెప్పినప్పుడు అచ్చిబాబు బూడిదగుమ్మడికాయ తరుగుతున్నాడు. హారిస్ అంటే కువైట్‌లోని ఈ రిగ్గై పేటలో మా బిల్డింగుకి కాపలాదారు. ఈజిప్టు మనిషి. ప్రతి అంతస్తులోనూ ఆగి ఆయాసం తీర్చుకుంటూ వస్తాడు గనక, అతని దగ్గర కబురుందంటే మాకు మెట్ల మీదినుంచే తెలిసిపోతుంది.

"వాహద్ ఏసీ, బస్," అన్నాడు ఒక వేలు ఎత్తి.

ఓనరు ఈ వేసవికి ప్రతి ఫ్లాట్‌కీ ఒక్కో కొత్త ఏసీ ఇస్తున్నాడట. మాకు గదులు రెండు. సామాను ఏ గదివాళ్లు జాగ్రత్తగా వాడితే వాళ్లకే ఇవ్వమన్నాడట. అదెవరో గురువారానికల్లా మీలో మీరే తేల్చి చెప్పండి, లేకపోతే మీ ఏసీ పై అంతస్తువాళ్లకి పోతుంది, యల్లా, కానివ్వండి, అని దిగిపోయాడు.

అది మే నెల. కువైట్‌లో మే నెలంటే, మధ్యాహ్నం కుళాయి తిప్పితే టీ పెట్టుకోవడానికి సగం పని అయిపోయినట్టే.

ఒక గదిలో నేనూ అచ్చిబాబూ ఉంటాం. ఇద్దరిదీ కోనసీమే, వాడు నన్ను బాబాయ్ గారూ అంటాడు. వాడు కూరగాయల మార్కెట్లో పని చేస్తాడు. తెల్లారకముందే వెళ్లి, మధ్యాహ్నానికల్లా వచ్చేస్తాడు. రెండో గదిలో రాయచోటివాళ్లు. అన్వర్ బాషా ఒక కంపెనీకి వ్యాను నడుపుతాడు. వయసులో నాకంటే కాస్త చిన్న. మస్తాన్ వలి ఇంకా కుర్రతనం వదలని మనిషి, రొట్టెల బేకరీలో రాత్రి షిఫ్టు. నేను ఆఫీసుకి బయలుదేరే వేళకి ఒంటినిండా పిండితో వచ్చి పడుకుంటాడు. పడుకుంటాడు గానీ నిద్ర పట్టదు. వాళ్ల గది పగలు కాలిపోతుంది. ఏసీ తిరుగుతూనే ఉంటుంది, గది చల్లబడదు. కిందటి వారం పొయ్యి ముందు నిలబడే కునుకు తీశాడు. పళ్లెం నిండా రొట్టెలు మాడాయి. ఇంకోసారి ఇలా అయితే ఖలాస్, మీ ఊరెళ్లిపో అన్నాడట బేకరీ మేనేజరు.

కాబట్టి ఆ కొత్త ఏసీ వాళ్లకిచ్చేస్తే సరిపోయేది. కానీ అచ్చిబాబు కత్తి కింద పెట్టి, "సామాను జాగర్తగా వాడేది ఎవరో ఈ బిల్డింగంతటికీ తెలుసండి," అన్నాడు. అన్వర్ బాషా, "తెలుసు గదా, అందుకే మాకు," అన్నాడు. ఇక అది ఏసీ గొడవ కాకుండా పోయింది.

తప్పు నాదే. ఆ సమయంలో నేను నోరు తెరిచాను.

నేను కువైట్ సిటీలో ఒక చిన్న పరిశోధన ఆఫీసులో పని చేస్తాను. కాలేజీలో ఎకనామిక్స్ చదివినందుకు మా మేడమ్ తన పట్టికలు సరిచేసే పని నాకిస్తుంది. జోర్డాన్ ఆవిడ. నాకు తుమ్ములొస్తాయని ఏసీ మూతిని గోడ వైపు తిప్పి పెట్టి, తను చెమటలు తుడుచుకుంటూ కూర్చుంటుంది. అలాంటివాళ్లుండబట్టే పరాయి ఊళ్లో ఇన్నేళ్లు గడిచిపోతున్నాయి. ఆవిడ ఇప్పుడు కువైట్‌నీ నార్వేనీ పక్కపక్కన పెట్టి, ఎవరి పొదుపు అసలైన పొదుపో చూస్తోంది.

ఆ సంగతి భోజనాల దగ్గర చెప్పాను. ఒక దేశం ఏడాదిలో ఇంత మిగిల్చానంటే మనం వెంటనే మెచ్చుకోకూడదు. అందులోంచి యంత్రాల అరుగుదల తీసేయాలి. భూమిలోంచి తోడి అమ్ముకున్న చమురు తీసేయాలి, ఎందుకంటే అది సంపాదించడం కాదు, అటక మీది ఇత్తడి బిందెలు అమ్ముకోవడం. గాలి పాడు చేసిన నష్టం తీసేయాలి. చదువుల మీద పెట్టిన ఖర్చు మాత్రం కలపాలి. ఇవన్నీ అయ్యాక మిగిలిందే పొదుపు.

"మన రెండు గదుల్నీ అలాగే లెక్కేద్దాం," అన్నాను. "రెండు దేశాలనుకుందాం. ఎక్కువ మిగిల్చింది నార్వే, రెండోది కువైట్."

"నార్వే మేవండి," అన్నాడు అచ్చిబాబు వెంటనే.

"మీరెట్లవుతారప్పా?" అన్నాడు అన్వర్ బాషా.

"కోనసీమంటే పచ్చదనం. ఎటు చూసినా నీళ్లు. నార్వే కూడా అంతేనంటగా. మీ వైపు ఎండకి రాళ్లు పగిలిపోతాయి. మీరు పుట్టుకతోనే కువైటండి."

"మీ కోనసీమలో యాడ తవ్వినా గ్యాసేనంట గదా. పొలాల్లో మంటలు మండతా ఉంటాయంట. ఇంగ మీరు నార్వే ఎట్లయితారు? సొచ్ఛమైన కువైట్ మీరే."

మస్తాన్ వలి పెరుగన్నంలోంచి తలెత్తాడు. "నార్వే ఎవురైనా కానీ సార్," అన్నాడు నాతో, "నాకు ఈ కువైట్లోనే రోంత నిద్ర పట్టేట్టు జూడండి."

ఆ పూటకి రాయచోటివాళ్లని నార్వే చేశాను, మస్తాన్ కళ్లు చూసి. అచ్చిబాబు నా వైపు చూసిన చూపులో జిల్లాకి చేసిన ద్రోహమంతా ఉంది.

శుక్రవారం సెలవు. అన్నాలు తిన్నాక రెండు స్టీలు గ్లాసులు పెట్టి, ఒక ప్యాకెట్ వేయించిన శనగలు మధ్యలో పోశాను. మంచి పనికి గ్లాసులో శనగలు పడతాయి, నష్టానికి బయటికొస్తాయి. కాగితం మీద రాస్తే మళ్లీ అంకెల దగ్గర తగువు.

గ్యాస్ దగ్గర మొదలైంది. వంట మాకు ఒక వారం, వాళ్లకి ఒక వారం. మా వారంలో సిలిండరు మెల్లగా ఖర్చవుతుంది, అన్నీ కుక్కర్లో వండుతాం గనక. మా గ్లాసులో గుప్పెడు శనగలు పడ్డాయి.

"మాది మాంసమప్పా," అన్నాడు అన్వర్ బాషా. "మాంసం ఉడకాల. మీ మాదిరి సొరకాయ కాదు, మంటను జూసి బెదిరి ఉడికేదానికి."

"ఉడికించండి, ఎవరొద్దన్నారు. శనగలు మాత్రం మాయి."

వాళ్ల వైపు కూడా మంచివే ఉన్నాయి. వంటింటి కుళాయి కారుతుంటే అన్వర్ బాషానే బాగు చేశాడు. ఫ్రిజ్ తలుపు రబ్బరు మార్చాడు. వాళ్ల గ్లాసూ నిండుతూ వచ్చింది. తర్వాత చదువు దగ్గరికొచ్చాం. అక్కడ నేను మేడమ్ సూత్రాన్ని ఇంత వివరంగా చెప్పకుండా ఉండాల్సింది.

"నా డ్రైవింగు లైసెన్సు," అన్నాడు అచ్చిబాబు. "ఎన్ని మాట్లు పరీక్షకెళ్లాను? ఎన్ని ఫీజులు కట్టాను? అదంతా చదువే కదండి, బాబాయ్ గారూ."

"పాసయితే చదువు," అన్నాడు అన్వర్ బాషా. "ఫెయిలయితే ఊరికే పెట్రోలు కాల్చినట్టు. అది పొగ కింద తీసెయ్యాల అన్నా."

"ఫెయిలయినా నేర్చుకున్నాను కదండి."

"ఏం నేర్చుకుంటివి?"

అచ్చిబాబు ఆలోచించి, "బస్సెక్కడం మేలని," అన్నాడు.

నాకా జవాబు నచ్చి నాలుగు శనగలేశాను. అన్వర్ బాషా ఊరుకుంటాడా. మస్తాన్ ఫోన్లో ఇంగ్లీషు నేర్చుకుంటున్నాడన్నాడు. ఏదీ, ఓ ముక్క మాట్లాడమనండి అన్నాడు అచ్చిబాబు. గోడకి జారబడిన మస్తాన్ కళ్లు తెరవకుండానే, "స్లీప్," అన్నాడు. కాస్త ఆగి, "నో స్లీప్," అన్నాడు. దానికీ నాలుగు వేశాను. ఉచ్చారణ బాగుందని ఇంకొకటి.

ఇంతలో చూస్తే మధ్యలో పోసిన కుప్ప తరిగిపోయింది. మాటల్లో పడి అన్వర్ బాషా తినేస్తున్నాడు. కుప్పతో ఆగలేదు, సొంత గ్లాసులోంచి కూడా తీసుకు తింటున్నాడు.

"అదిగో, నార్వే సొంత నూనె తోడుకుని తాగేస్తోందండి," అన్నాడు అచ్చిబాబు ఆనందంగా.

చివరికి మిగిలింది గాలి నష్టం. అప్పుడు మస్తాన్ లేచి కూర్చున్నాడు.

"ఇంగువ," అన్నాడు.

"ఏంటది?"

"మీ ఇంగువ వాసన, అచ్చన్నా. పగలంతా మా గదిలోకి వస్తాది. నిద్రలో గూడా ఇంగువే. నిన్న కలలో మా అమ్మ కనపడింది. ఆమె దగ్గరా ఇంగువ వాసనే."

"ఇంగువ నష్టవేంటండి?" అచ్చిబాబు నిజంగానే నొచ్చుకున్నాడు. "అది మందు. కడుపులో గాలి పోగొట్టుద్ది."

"మీ కడుపులో గాలి పోతాది. మా గదిలోకొస్తాది," అన్నాడు అన్వర్ బాషా.

ఆ నష్టం ఎంతో చూడకుండా తీర్పు చెప్పనన్నాను. పొగ ఎక్కడ పుట్టిందో చూస్తే చాలదు, పోయి ఎవరికి తగిలిందో కూడా చూడాలని మేడమ్ అంటుంది. సోమవారం సగం రోజు సెలవు పెట్టి మధ్యాహ్నం ఇంటికొచ్చాను. ఇన్నేళ్లలో ఆ గదిలోకి పగటిపూట వెళ్లడం అదే మొదటిసారి.

మస్తాన్ ముఖం మీద తడి తువ్వాలు వేసుకుని, అటూ ఇటూ దొర్లుతున్నాడు. వీధి వైపు గోడలో ఉన్న వాళ్ల ఏసీ లారీలా మోగుతోంది. దాని ముందు చెయ్యి పెడితే చల్లగానే ఉంది. రెండడుగులు వెనక్కి వేస్తే చల్లదనం లేదు. నేను అన్వర్ బాషా మంచం మీద కూర్చుని గోడకి వీపు ఆనించి, వెంటనే ముందుకొచ్చేశాను. ఆ గోడ మీద అట్టు పోయొచ్చు.

ఆ గోడ మధ్యలోనే కిటికీ ఉంది. పగిలిన అద్దానికి బిస్కెట్ల డబ్బా అట్ట అంటించారు. అట్ట మూల కొంచెం ఎత్తాను. వేడిగాలి ముఖాన కొట్టింది, దాంతోపాటు ఇంగువ. కిటికీ అవతల ఇరుకు సందు, మా రెండు గదుల మధ్య పైకప్పు దాకా ఉన్న ఖాళీ. దానికి అటువైపు, చెయ్యి చాస్తే అందేంత దూరంలో, మా పాత విండో ఏసీ వీపు. అది రోజంతా మా గదిలో వేడిని తెచ్చి ఈ కిటికీ మీద పోస్తోంది. మేం గదిలో ఉన్నా లేకున్నా ఏసీ ఆపం. కరెంటు ఓనరుది గనక ఈ బిల్డింగులో ఎవరూ ఆపరు.

ఏసీ వీపు కింద పాత ఫ్రిజ్ తీగల అర ఒకటి వేలాడదీసి ఉంది. దాని మీద పాతచీర ముక్క. చీర మీద వరసగా గుమ్మడి వడియాలు, వేడిగాలికి హాయిగా ఎండుతున్నాయి.

ఆ చీర నీలం అంచు నాకు తెలుసు. అది నా భార్య అరుణజ్యోతిది. ఆమె పోయాక, వడియాలకి మెత్తటి నూలు బట్ట కావాలని అచ్చిబాబు అడిగితే నేనే ఇచ్చాను. వాడికి వడియాలు పెట్టడం నేర్పింది కూడా ఆమే, ఇక్కడికి ఫోన్ చేసినప్పుడల్లా నాతో రెండు మాటలూ వాడితో పది మాటలూ మాట్లాడి. మినప్పిండి గట్టిగా రుబ్బు నాయనా, ఇంగువ వెయ్యడానికి వెనకాడకు, గలగలమంటేనే ఎండినట్టు. ఎండ బెడదామంటే టెర్రస్‌కి హారిస్ తాళం వేస్తాడు, వేయకపోయినా ఆరుబయట పెడితే వడియానికో పిడికెడు ఇసుక. వాడు ఈ సందు ఎప్పుడు కనిపెట్టాడో నేనెప్పుడూ అడగలేదు. పళ్లెంలో వడియం పడితే చాలు, నాకు ఇంకేం గుర్తుండదు.

తింటున్నంతకాలం తెలియలేదు. నా పళ్లెంలో వడియాలతోపాటు మస్తాన్ నిద్ర కూడా ఎండుతోంది.

ఆ సాయంత్రం నలుగురినీ కూర్చోబెట్టి, అట్టా గోడా సందూ అన్నీ చెప్పాను. మా గ్లాసు తీసుకుని, శనగలన్నీ అన్వర్ బాషా చేతిలో ఒంపేశాను.

"మొత్తవా?" అన్నాడు అచ్చిబాబు.

"మొత్తం. ఇంకా బాకీ కూడా ఉన్నాం."

"గాలి వదిలేది ఏసీ అండి. నేనా?"

"వడియాలు నీవేగా."

వాడు ఖాళీ గ్లాసు తలకిందులు చేసి చూశాడు. తర్వాత మస్తాన్ వైపు చూశాడు. "ముందే చెప్పొచ్చు కదరా," అన్నాడు. "ఇంగువంటే ఏదో సరదాగా అంటున్నావనుకున్నాను. సర్లెండి, కొత్త ఏసీ ఆళ్లకే. మాట మీద ఉంటాం."

అన్వర్ బాషా శనగలు నములుతూ, "న్యాయం ఉండాది," అన్నాడు. ఆ పూట టీ అచ్చిబాబే పెట్టాడు. మస్తాన్‌కి పాలు ఎక్కువ పోశాడు. అన్నీ కుదిరాయనుకున్నాను.

గురువారం హారిస్ వచ్చాడు. రాయచోటివాళ్ల గది చూపించాం. అతను కొలతలు తీసుకుంటూ, ఇది పాతరకం కాదు, స్ప్లిట్ ఏసీ, వేడిగాలి వదిలే డబ్బా పైన టెర్రస్ మీద పెడతారు, సందులోకి ఏమీ రాదు, అని గొప్పగా చెప్పాడు. అతని అరబిక్ నేను తెలుగులో చెబుతున్నాను.

అన్వర్ బాషా శనగలు నమలడం ఆపాడు.

"ఒక్క నిమిషం అన్నా. సందులోకి గాలి వచ్చేది ఎవుర్ది? మీదా, మాదా?"

"మాది," అన్నాను.

"మాకు కొత్తది ఇస్తే, మీ పాతది ఆడనే ఉంటాది గదా. గోడ కాల్తానే ఉంటాది. అట్లా గాకుండా కొత్తది మీ గదిలో పెడితే, మీ వేడి టెర్రస్ మీదికి పోతాది. మా గోడ చల్లబడతాది. మా పాత ఏసీ మాకు చాలు." అతను హారిస్ చెయ్యి పట్టుకున్నాడు. "ఆ గదికి. ఆ గదికే పెట్టు."

పాడు చేసింది మేం, బహుమతి కూడా మాకే. కానీ ఎటు తిప్పి చూసినా అతని మాటే నిజం. మస్తాన్ కూడా తల ఊపుతున్నాడు.

అచ్చిబాబు మాత్రం గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. "కుదరదండి. ఏసీ నార్వేకి. తీర్పయిపోయింది."

"నార్వే వద్దంటా ఉండాది గదప్పా."

"ఇచ్చింది పుచ్చుకోవాలండి. మేం కువైటే. ఒప్పుకుంటున్నాను కదా, మేవే కువైట్."

"ఇప్పుడు మేం కువైట్. మీరే నార్వే. ఉండు, కొత్త ఏసీ తీసుకో."

వారం రోజులు నాదంటే నాదని అరిచినవాళ్లు నీదంటే నీదని అరుస్తుంటే, హారిస్ కొలత టేపు చుట్టుకుని నా వైపు తిరిగి, "మజ్నూన్?" అన్నాడు, పిచ్చివాళ్లా అని. ఇంకా తేలలేదు అన్నాను.

"అచ్చిబాబూ," అన్నాను, "అసలు సంగతి చెప్పు."

వాడు నేల చూపులు చూశాడు. "పాత ఏసీ తీసేస్తే వడియాలెక్కడ ఎండుతాయండి? నాకోసం కాదు. ఇంకెక్కడివీ తిననంటారు మీరు. పోయినేడు జ్వరవొచ్చినప్పుడు ఏవన్నా ముట్టారా? వడియాలేపితేనే కదా రెండు ముద్దలు తిన్నారు."

అది నాకు గుర్తు లేదు. వాడికి గుర్తుంది. హారిస్‌కి తెలుగు రాదు గానీ టేపు చప్పుడు చేయకుండా నిలబడ్డాడు.

"వడియాలకేనా ఇదంతా?" అన్నాడు మస్తాన్. "నాకియ్యండి. పొద్దన్నే బేకరీలో పొయ్యిలు ఆపేసినాక వాటి పైన గచ్చు సాయంత్రం దాకా వెచ్చగానే ఉంటాది. మా వాళ్లు బూట్లు ఆరబెట్టుకుంటారు ఆడ."

"బూట్ల పక్కనా?" అన్నాడు అచ్చిబాబు.

"బూట్లు దూరం పెట్టిస్తాలే అచ్చన్నా."

"అందరి బూట్లూనా?"

"అందరివీ."

అచ్చిబాబు గుమ్మం వదిలాడు. హారిస్ మా గదిలోకి వెళ్లి కొలతలు మొదలుపెట్టాడు.

ఆదివారం ఆఫీసులో మేడమ్‌కి ఈ కథంతా చెప్పాను. శ్రద్ధగా విని, కళ్లజోడు తుడుచుకుని, దీన్ని మన పట్టికలో ఏ వరసలో పెట్టాలి అని అడిగింది. ఇద్దరం కాసేపు వెతికాం. అలాంటి వరస లేదు.

ఏసీ బిగించిన వారానికి మస్తాన్ రొట్టెల సంచీలో వడియాలు పట్టుకొచ్చాడు. చీర ముక్క కూడా మడతపెట్టి తెచ్చాడు, ఉతికించి. వడియాలకి కాస్త రొట్టె వాసన పట్టింది. ఆమె చూసి ఉంటే ఏమనేదో నాకు తెలుసు. ఇదీ బాగానే ఉంది నాయనా, కానీ ఇంగువ తగ్గింది అనేది. మాడిన రొట్టెల సంగతి మస్తాన్ మళ్లీ ఎత్తలేదు. బేకరీ మేనేజరు కూడా ఎత్తలేదట.

శుక్రవారం మధ్యాహ్నం ముద్దపప్పు వండి వడియాలు వేయించాడు అచ్చిబాబు. మా గది చల్లగా ఉంది. అన్వర్ బాషా వచ్చి మాతోపాటు కూర్చున్నాడు. సందు అవతలినుంచి, గది చల్లబడి వాళ్ల ఏసీ ఆగినప్పటి నిశ్శబ్దంలో, సన్నటి గురక వినిపిస్తోంది. నేను పప్పన్నం కలిపి వడియం నోట్లో వేసుకుని కొరికాను. ఫెళ్లుమంది. అచ్చిబాబు గబుక్కున నా చెయ్యి పట్టుకున్నాడు.

"మెల్లగా నవలండి, బాబాయ్ గారూ," అన్నాడు గొంతు తగ్గించి. "నార్వే పడుకుంది."